తిండి పడని కుక్కకు ధాన్యం లేని ఆహారం: ఎలా ఎంచుకోవాలి?

కుక్క రాత్రంతా గోక్కుంటూనే ఉంటుంది. పాదాలు నాకి నాకి వేళ్ల సందులు ఎర్రబడతాయి. చెవులు వాసన వేస్తాయి. మందు వేస్తే తగ్గినట్టే తగ్గి, నెల తిరక్కుండా మళ్లీ మొదలవుతుంది. కొన్ని కుక్కలకు చర్మం బాగానే ఉన్నా విరేచనం మాత్రం ఎప్పుడూ పల్చగా అవుతుంది. ఈ బాధ చెప్పుకుంటే ఎక్కువమంది ఇచ్చే సలహా ఒకటే: "అన్నం, రొట్టె మానేసి గ్రెయిన్‌ఫ్రీ పెట్టండి." ఖరీదైన సంచి ఇంటికొస్తుంది. కొన్ని కుక్కలకు నిజంగానే నయమవుతుంది. చాలావాటికి కాదు. నయమైనప్పుడు కూడా అది ధాన్యం మానేసినందువల్లా, సంచిలో మాంసం మారినందువల్లా అన్నది తెలియకుండానే ఉండిపోతుంది.

కుక్కను మొదటిసారి పెంచుకుంటున్నవారికి కూడా అర్థమయ్యేలా ఈ పనిని మెట్లుగా విడదీసి చెబుతున్నాను. మొత్తానికీ ఆధారమైన సూత్రం ఒక్కటే. ముందు ఏది పడటం లేదో కనిపెట్టాలి, ఆ తర్వాతే సంచి కొనాలి.

మొదలుపెట్టే ముందు: నాలుగు విషయాలు

ఒకటి. ధాన్యం అంటే వరి, గోధుమ మాత్రమే కాదు. మొక్కజొన్న, జొన్న, సజ్జ, రాగి, బార్లీ, ఓట్స్ కూడా ధాన్యాలే. ఆరోగ్యానికి మంచివని మనం తినే కొర్రలు, సామలు, అరికెలు కూడా ఆ జాతివే. కాబట్టి బియ్యం మానేసి రాగిజావ పోస్తే అది ధాన్యం లేని ఆహారం కాదు.

రెండు. గ్లూటెన్‌ఫ్రీ, గ్రెయిన్‌ఫ్రీ ఒకటి కావు. గ్లూటెన్ గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే ప్రొటీన్. బియ్యం, జొన్న, రాగుల్లో అది ఉండదు. గోధుమ ఒక్కటే పడని కుక్కకు బియ్యం నిశ్చింతగా పడవచ్చు.

మూడు. అలర్జీ వేరు, అరగకపోవడం వేరు. అలర్జీలో శరీరపు రక్షణ వ్యవస్థ ఏదో ఒక ప్రొటీన్‌ను శత్రువుగా పొరబడి తిరగబడుతుంది. దురద, చెవిపోటు, వాపు అలా వస్తాయి. అరగకపోవడంలో రక్షణ వ్యవస్థ ప్రమేయం ఉండదు. పాలు తాగిన కుక్కకు విరేచనాలవడం ఇలాంటిదే, పాలలోని లాక్టోజ్ చక్కెరను దాని పేగు విడగొట్టలేదు.

నాలుగు. కుక్క తోడేలు కాదు. తోడేలు జాతి కాబట్టి ధాన్యం దాని ఒంటికి సరిపడదనే ప్రచారం చాలా ఉంది. 2013లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన దీనికి విరుద్ధమైన సంగతి చూపింది. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైమ్‌కు కారణమైన జన్యువు తోడేళ్లలో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి పక్కన బతుకుతూ, మనిషి తిండి తింటూ కుక్క శరీరం మారింది. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఉడికిన అన్నాన్ని చక్కగా అరిగించుకుంటుంది.

1వ మెట్టు: బాధకు కారణం తిండేనా?

దురద పెట్టే ప్రతి కుక్కకూ తిండి అలర్జీ ఉండదు. మన వాతావరణంలో ముందుగా అనుమానించాల్సినవి పిడుదులు, పేలు, ఫ్లీలు అనే గెంతే పురుగులు, గజ్జి, ఫంగస్. ఫ్లీ కాటు పడని కుక్కకు ఒకటి రెండు కాట్లు చాలు, నడుము వెనక భాగం, తోక మొదలు తెగ కొరుక్కుంటుంది. వెంట్రుకల్లో పురుగు కనబడకపోయినా ఇది జరగవచ్చు. దుమ్ములోని సూక్ష్మ పురుగులు, పుప్పొడి, గడ్డి పడక వచ్చే అలర్జీ ఇంకొకటి. తిండి అలర్జీ కంటే ఇదే ఎక్కువ కుక్కల్లో కనిపిస్తుంది.

తిండిని అనుమానించడానికి కొన్ని గుర్తులున్నాయి:

- కాలంతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా దురద
- పాదాలు, చెవులు, పొట్ట కింద, మలద్వారం చుట్టూ ఎక్కువగా నాకడం, గోకడం
- ఎన్ని మందులు వేసినా చెవి జబ్బు తిరగబెట్టడం
- దురదతో పాటు పల్చటి విరేచనం, తరచూ వాంతులు, పొట్టలో గుడగుడలు
- ఏడాదిలోపు వయసులోనే దురద మొదలవడం

ఇవి ఉన్నంత మాత్రాన తేలిపోయినట్టు కాదు. పశువైద్యుడి దగ్గరకు వెళ్లి చర్మం గీరి చూడటం, చెవి మురికిని మైక్రోస్కోప్ కింద చూడటం, మలపరీక్ష చేయించండి. పిడుదులకు, ఫ్లీలకు మందు వాడండి. ఉన్న ఇన్ఫెక్షన్ తగ్గించాకే తిండి సంగతికి రండి. దగ్గర్లో మంచి క్లినిక్ లేకపోతే పశువైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు.

తిండి అలర్జీని రక్తం, లాలాజలం, వెంట్రుకల పరీక్షతో తేల్చేస్తామనే కిట్లను నమ్మకండి. 2019లో పరిశోధకులు ఒక వెంట్రుకలు-లాలాజల పరీక్షకు నిజం కుక్కల నమూనాలతో పాటు కృత్రిమ బొచ్చునూ, ఉప్పునీటినీ పంపారు. వాటికి కూడా అలర్జీలున్నాయని నివేదికలొచ్చాయి. తిండి అలర్జీని నమ్మకంగా తేల్చే దారి ఒక్కటే, అది 3, 4 మెట్లలో చెప్పిన పరీక్ష ఆహారం.

2వ మెట్టు: ఇప్పటిదాకా తిన్నవన్నీ రాయండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. కుక్క మీ ఇంటికి వచ్చినప్పటి నుంచి తిన్నవన్నీ రాయండి. డాగ్ ఫుడ్ పేరు, అందులోని మాంసం, పెరుగన్నం, పాలు, గుడ్డు, చికెన్ కాళ్లు, మెడలు, చపాతీ ముక్క, టీలో ముంచిన రస్కు, గ్లూకోజ్ బిస్కెట్, నమిలే ఎముక, మాత్ర చుట్టి ఇచ్చిన బ్రెడ్డు, ఏదీ వదలకండి. ఇంట్లో అందరినీ అడగండి. అమ్మమ్మ చాటుగా పెట్టే ఇడ్లీ ముక్క, పిల్లలు కింద పడేసే చిప్స్ కూడా లెక్కలోకి వస్తాయి.

"ఇన్నేళ్లూ చికెనే తింది, ఇప్పుడెందుకు పడదు?" అని చాలామంది అడుగుతారు. అలర్జీ అలాగే వస్తుంది. ఎప్పుడూ తినని పదార్థానికి సాధారణంగా శరీరం తిరగబడదు, మళ్లీమళ్లీ తిన్నదానికే తిరగబడుతుంది.

కుక్కలకు ఏవి ఎక్కువగా పడవన్న దానిపై 2016లో ఒక సమీక్ష వెలువడింది. అలర్జీ రుజువైన 297 కుక్కల వివరాలు అందులో ఉన్నాయి. గొడ్డుమాంసం 34 శాతం, పాల పదార్థాలు 17, కోడిమాంసం 15, గోధుమ 13, సోయా 6, గొర్రెమాంసం 5, మొక్కజొన్న 4, గుడ్డు 4, బియ్యం 2 శాతం కుక్కలకు పడలేదు. ఒకే కుక్కకు రెండు మూడు పడకపోవడమూ ఉంది. ఈ వరుస చూస్తే ధాన్యాల్లో గోధుమ ఒక్కటే పైన ఉందనీ, బియ్యం అట్టడుగున ఉందనీ తెలుస్తుంది. పెద్ద దోషులు మాంసం, పాలు. మన ఇళ్లలో కుక్కలు గొడ్డుమాంసం కంటే చికెన్, పాలు, పెరుగు, గుడ్డు ఎక్కువ తింటాయి కాబట్టి మన అనుమానం ముందుగా వీటి మీదికి పోవాలి. పెరుగన్నం తిన్న కుక్కకు దురద పెడితే అన్నాన్ని తప్పుపట్టి పెరుగును వదిలేయడం మనం తరచూ చేసే పొరపాటు.

3వ మెట్టు: ఎనిమిది వారాల పరీక్ష ఆహారం

కుక్క ఇదివరకు తినని ఒక మాంసం, ఒక పిండిపదార్థం మాత్రమే ఉన్న ఆహారాన్ని, లేదా ప్రొటీన్లను రక్షణ వ్యవస్థ గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా విడగొట్టి తయారుచేసిన ఆహారాన్ని ఎనిమిది వారాల పాటు పెట్టి చూడటమే ఈ పరీక్ష. విడగొట్టిన ప్రొటీన్ల ఆహారాన్ని హైడ్రోలైజ్డ్ డైట్ అంటారు. పశువైద్యుడి సలహాతో కొనాలి. మామూలు దుకాణపు డాగ్ ఫుడ్ కంటే పరీక్షకు ఇది నమ్మదగినది. దుకాణాల్లో దొరికే 'ఒకే మాంసం' రకాలను పరీక్షించిన పలు అధ్యయనాల్లో లేబుల్ మీద లేని మాంసాలు కూడా బయటపడ్డాయి. ఒకే యంత్రంలో రకరకాలవి తయారవడం దీనికి ఒక కారణం.

హైడ్రోలైజ్డ్ ఆహారాల్లో కొన్నిట్లో బియ్యం నుంచో, మొక్కజొన్న నుంచో తీసి శుద్ధి చేసిన పిండిపదార్థం ఉంటుంది. చూసి కంగారు పడకండి. అలా శుద్ధి చేసిన పిండిపదార్థంలో ప్రొటీన్ దాదాపు ఉండదు, అలర్జీ తెచ్చేది ప్రొటీనే. మీకు ధాన్యం మీద గట్టి అనుమానం ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పి, ధాన్యం ఏమాత్రం లేనిది అడగండి.

ఇంట్లో వండి పెట్టాలనుకుంటే చేప, చిలగడదుంప మంచి జోడీ, కుక్క ఇంతకుముందు చేప తినకపోయి ఉంటేనే. ముళ్లన్నీ తీసేసి, ఉప్పు, కారం, నూనె, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఎంత పెట్టాలన్నది కుక్క బరువును బట్టి డాక్టరే చెప్పాలి. ఈ జోడీలో కాల్షియం, విటమిన్లు సరిపోవు కాబట్టి పరీక్ష కాలానికి మించి పెట్టకూడదు. ఎదిగే పిల్లలకు డాక్టరు కనిపెట్టుకుని ఉంటే తప్ప ఇది వద్దు. చికెన్ పడదేమోనని కౌజు పిట్ట మాంసం పెట్టేవారున్నారు. పక్షి మాంసాల్లో ప్రొటీన్లు ఒకదాన్ని ఒకటి పోలి ఉండవచ్చు కాబట్టి అది సరైన ఎంపిక కాదు.

ఈ ఎనిమిది వారాలూ నీళ్లు, పరీక్ష ఆహారం తప్ప ఇంకేమీ నోట్లోకి పోకూడదు. ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు. కింది దారులన్నీ మూసేయండి:

- బిస్కెట్లు, నమిలే తోలు ముక్కలు, పళ్ల కోసం ఇచ్చే పుల్లలు
- మాంసం రుచి కలిపిన నమిలే మాత్రలు, చికెన్ రుచి టూత్‌పేస్ట్. బదులుగా ఏం వాడాలో డాక్టరును అడగండి
- ఇంట్లో పిల్లి గిన్నె, కోళ్ల దాణా
- వాకింగ్‌లో చికెన్ సెంటర్ ముందు పడి ఉండే ముక్కలు, చెత్తకుండీ
- అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, పక్కింటి పిల్లలు ప్రేమగా పెట్టేవి

ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి సంగతి వివరించండి. ఒక్క బిస్కెట్ పది రోజుల ఫలితాన్ని పాడుచేయగలదు.

రోజూ పుస్తకంలో దురదకు 0 నుంచి 10 దాకా మార్కు వేయండి. విరేచనం ఎన్నిసార్లు, ఎలా అయిందో రాయండి. పొట్టకు సంబంధించిన బాధలు రెండు మూడు వారాల్లోనే తగ్గుతాయి. చర్మం మాత్రం ఆలస్యం చేస్తుంది. తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో 80 శాతానికి ఐదు వారాల్లో, 90 శాతానికి పైగా ఎనిమిది వారాల్లో మార్పు కనిపిస్తుంది. కాబట్టి మూడో వారంలో ఫలితం లేదని వదిలేయకండి. గడువు పూర్తయినా దురద ఏమాత్రం తగ్గకపోతే కారణం తిండి కాకపోవచ్చు. అప్పుడు ధాన్యం లేని సంచికి డబ్బు పెట్టే పనే లేదు.

4వ మెట్టు: ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడండి

దురద తగ్గిందనగానే పరీక్ష ముగిసినట్టు కాదు. పాత తిండి మళ్లీ పెట్టి, దురద తిరిగి వస్తేనే తిండి అలర్జీ అని రుజువైనట్టు. సాధారణంగా కొన్ని గంటల నుంచి రెండు వారాల్లోపు తేలిపోతుంది. బాధ తిరిగి రాగానే పరీక్ష ఆహారానికి మళ్లండి, కుదుటపడేదాకా ఆగండి.

ఆ తర్వాత పదార్థాలు ఒక్కొక్కటే చేర్చాలి. ధాన్యం సంగతి తేలాలంటే పరీక్ష ఆహారంలో ఉడికిన అన్నం మాత్రం కొద్దిగా కలిపి రెండు వారాలు చూడండి. ఏమీ కాకపోతే అన్నం నిర్దోషి. ఆపి, తర్వాత ఉప్పు, నూనె లేని గోధుమ రొట్టె ముక్క రెండు వారాలు. తర్వాత చికెన్. తర్వాత గుడ్డు, పెరుగు. ఒకేసారి రెండు కలపొద్దు. పదార్థం పెట్టాక ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఆగకుండా వాంతులైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నెలలు పడుతుందని బెంగ పడకండి. ఇక్కడ దొరికిన జవాబు కుక్క బతికినన్నాళ్లూ పనికొస్తుంది.

5వ మెట్టు: మీ కుక్కకు ధాన్యం లేని ఆహారం నిజంగా కావాలా?

జవాబు మీ పుస్తకంలోనే ఉంటుంది.

*చికెన్ మాత్రమే పడలేదు:* ధాన్యం మానాల్సిన పనిలేదు. చేప-బియ్యం లాంటి చికెన్ లేని ఆహారం చాలు. చికెన్ ఉన్న గ్రెయిన్‌ఫ్రీ సంచి కొంటే డబ్బూ పోతుంది, దురదా పోదు.

*గోధుమ మాత్రమే పడలేదు:* బియ్యం ప్రధానంగా ఉన్న, గోధుమ లేని ఆహారం వెతకండి. ఐరిష్ సెట్టర్‌లలో గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు ఉంది. బోర్డర్ టెర్రియర్‌లలో గ్లూటెన్‌కు ముడిపడిన, ఒళ్లు కొంకర్లుపోయే జబ్బు ఉంది. వీటికి గోధుమ, బార్లీ, రై మానితే మేలు కలుగుతుంది.

*పాలు, పెరుగు పడలేదు:* వాటిని మానండి, అన్నం కొనసాగించండి.

*రెండు మూడు ధాన్యాలు పడలేదని రుజువైంది:* ఇప్పుడు ధాన్యం లేని ఆహారం అవసరమే. కింది మెట్లు ముఖ్యంగా మీకోసం.

6వ మెట్టు: సంచి వెనక చదవండి

మన ఊళ్లలో డాగ్ ఫుడ్ ఏదైనా 'పెడిగ్రీ' అనే అడుగుతారు. దుకాణదారు చేతికి అందింది ఇస్తాడు. మీరు మాత్రం సంచి తిప్పి వెనక అక్షరాలు చదవాలి. సంచి విప్పి కిలో లెక్కన అమ్మే గింజలు కొనొద్దు. వాటి లేబుల్ మీ చేతికి రాదు, ఎన్నాళ్ల నుంచి గాలికి ఉన్నాయో తెలియదు.

*పదార్థాల జాబితా.* బరువులో ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక వస్తుంది. పేరున్న మాంసం మొదట ఉండాలి. సాల్మన్, గొర్రె అని స్పష్టంగా రాసి ఉంటే మంచిది. 'మీట్ మీల్', 'పౌల్ట్రీ', 'యానిమల్ డైజెస్ట్', 'యానిమల్ ఫ్యాట్' అని ఉంటే ఏ జంతువుదో తెలియదు, తిండి పడని కుక్కకు అలాంటివి వద్దు. 'సీరియల్స్' అని గుండుగుత్తగా రాసి ఉన్నా అంతే. చివరిదాకా చదవండి. ముందు పెద్ద అక్షరాల్లో చేప అని ఉండి, జాబితా మధ్యలో చికెన్ లివర్, గుడ్డు పొడి కనిపించడం సాధారణం.

*ముక్కలైన పేర్లు.* బఠానీలు, బఠానీ ప్రొటీన్, బఠానీ పీచు, బఠానీ పిండి అని విడివిడిగా రాస్తే ఒక్కోటి జాబితాలో కిందికి దిగిపోతుంది. నాలుగూ కలిపితే మాంసం కంటే ఎక్కువ కావచ్చు. ఇలాంటివి కలిపి లెక్కేసుకోండి.

*ముందు వైపు మాటలు.* అమెరికా లేబుల్ నియమాల ప్రకారం 'విత్ సాల్మన్' అన్నదానిలో ఆ చేప 3 శాతం ఉన్నా చాలు. 'సాల్మన్ ఫార్ములా', 'సాల్మన్ డిన్నర్' అంటే కనీసం 25 శాతం. 'సాల్మన్ ఫ్లేవర్' అంటే రుచి తెలిసేంత ఉంటే సరి. మిగతా భాగంలో ఏ మాంసం ఉందో జాబితాలోనే తెలుస్తుంది.

*సంపూర్ణ ఆహారమన్న ప్రకటన.* అమెరికాలో ఆఫ్కో, ఐరోపాలో ఫెడియాఫ్ అనే సంస్థలు కుక్కల ఆహారానికి పోషక ప్రమాణాలు ప్రకటిస్తాయి. ఆ ప్రమాణాల ప్రకారం 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని, ఏ వయసుకో కూడా సంచి మీద ఉండాలి. ఆఫ్కో లెక్కలో తేమ తీసేశాక పెద్ద కుక్కలకు ప్రొటీన్ కనీసం 18 శాతం, ఎదిగే పిల్లలకు 22.5 శాతం ఉండాలి. గ్రేట్ డేన్, లాబ్రడార్ లాంటి పెద్ద జాతి పిల్లలకు 'పెద్ద జాతుల ఎదుగుదలకు తగినది' అన్న మాట ఉండటం తప్పనిసరి. వాటికి కాల్షియం ఎక్కువైనా ఎముకలు చెడిపోతాయి. 'కాంప్లిమెంటరీ', 'ట్రీట్' అని ఉన్నవి పూటతిండికి పనికిరావు.

*పిండిపదార్థం లెక్క.* ధాన్యం లేదంటే పిండి లేదని కాదు. ధాన్యం స్థానంలో బంగాళాదుంప, చిలగడదుంప, కర్రపెండలం, బఠానీ వస్తాయి. లెక్క మీరే వేయవచ్చు. ప్రొటీన్ 28, కొవ్వు 15, తేమ 9, బూడిద 8, పీచు 4 శాతం అని ఉంటే మొత్తం 64. నూటిలో మిగిలిన 36 శాతం పిండిపదార్థమే. ధాన్యం లేని రకాల్లో చాలావాటికి కొవ్వు కూడా ఎక్కువ. పాంక్రియాస్ జబ్బు వచ్చి తగ్గిన కుక్కకు, లావెక్కిన కుక్కకు డాక్టరును అడగకుండా పెట్టకండి.

7వ మెట్టు: గుండె సంగతి మరవొద్దు

ధాన్యం లేని ఆహారం గురించి దాచకుండా చెప్పాల్సిన విషయం ఇది. డైలేటెడ్ కార్డియోమయోపతి అనే జబ్బులో గుండె కండరం బలహీనపడి, గుండె ఉబ్బి, రక్తాన్ని సరిగా నెట్టలేకపోతుంది. డాబర్‌మన్, గ్రేట్ డేన్, బాక్సర్ లాంటి జాతుల్లో ఇది వంశపారంపర్యంగా వస్తుంది. అలాంటి చరిత్ర లేని కుక్కల్లో కూడా కనిపిస్తుండటంతో 2018 జూలైలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్.డి.ఎ. విచారణ మొదలుపెట్టింది. 2014 జనవరి నుంచి 2019 ఏప్రిల్ దాకా కుక్కలకు సంబంధించి 515 నివేదికలు అందాయి. వాటిలో పేర్కొన్న ఆహారాల్లో 90 శాతానికి పైగా ధాన్యం లేనివి. 93 శాతం ఆహారాల్లో బఠానీలు గానీ, మసూర్ జాతి పప్పులు గానీ, రెండూ గానీ ఉన్నాయి. గోల్డెన్ రిట్రీవర్‌లు ఎక్కువగా కనిపించాయి.

ఆ ఆహారమే జబ్బుకు కారణమని రుజువు కాలేదు. కారణాన్ని తేల్చడానికి ఈ నివేదికలు మాత్రమే చాలవని 2022 డిసెంబరులో ఎఫ్.డి.ఎ. చెప్పింది. అయితే ఆహారం మార్చాక గుండె మెరుగుపడ్డ కుక్కలు కూడా ఉన్నాయి. అందుకే అవసరం లేని కుక్కకు ధాన్యం లేని తిండి పెట్టి ఈ అనుమానాన్ని ఇంటికి తెచ్చుకోవడం తెలివైన పని కాదు. అవసరమున్న కుక్కకైతే ఈ జాగ్రత్తలు తీసుకోండి:

- జాబితాలో మొదటి ఐదారు పదార్థాల్లో బఠానీలు, పప్పులు, శనగలు లేనిది ఎంచుకోండి
- మొదలుపెట్టేముందు డాక్టరు చేత గుండె పరీక్ష చేయించండి. గోల్డెన్ రిట్రీవర్, కాకర్ స్పానియల్, డాబర్‌మన్ అయితే ఎకో పరీక్ష, రక్తంలో టారిన్ అనే పోషకం పరీక్ష అవసరమా అని అడగండి
- నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. నిమిషానికి 30 దాటుతూ ఉంటే, దగ్గు, తొందరగా అలసట, కళ్లు తిరిగి పడిపోవడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి

8వ మెట్టు: మెల్లగా మార్చండి, కొలిచి పెట్టండి

కొత్త ఆహారం ఒక్కసారిగా మారిస్తే విరేచనాలవుతాయి, అది అలర్జీ అని పొరబడతారు. మొదటి రెండు మూడు రోజులు పావువంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు, వారం పదిరోజులకు పూర్తిగా కొత్తది పెట్టండి. పరీక్షలో పడదని తేలిన పదార్థం పాత తిండిలో ఉంటే దాన్ని కలపకండి. పరీక్ష ఆహారం నుంచే కొత్తదానికి మారండి.

కొలతకు సులువైన లెక్క ఉంది. బరువును 30తో గుణించి 70 కలపండి, వచ్చిన సంఖ్యను 1.6తో గుణించండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకు రోజుకు ఇంచుమించు అన్ని కిలోక్యాలరీలు కావాలి. 16 కిలోల నాటు కుక్క అనుకుందాం. 16ను 30తో గుణిస్తే 480, 70 కలిపితే 550, దాన్ని 1.6తో గుణిస్తే 880. కిలోకు 3,600 కిలోక్యాలరీలు ఇచ్చే ఆహారమైతే రోజుకు సుమారు 245 గ్రాములు, రెండు పూటలుగా. వంటింటి తూకంతో తూచండి. పక్కటెముకలు చేతికి తగలకపోతే తగ్గించండి, కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తే పెంచండి.

9వ మెట్టు: సంచిని జాగ్రత్త చేయండి

పొడి గింజల్లో కంటికి కనబడని పురుగులు చేరతాయి. దుమ్ము పురుగులు పడని కుక్కకు అవీ పడకపోవచ్చు. కోస్తా ఉక్కపోతలో, వానాకాలంలో ఇది ఎక్కువ. నెలలో అయిపోయే సైజు సంచి కొనండి. గింజలను సంచిలోంచి డబ్బాలోకి ఒంపకుండా, సంచినే మూతి మడిచి గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ చేతిలోనే ఉంటాయి. ఎండ తగలని చోట ఉంచండి. ముక్కిన వాసన వస్తే పారేయండి.

10వ మెట్టు: అప్పుడప్పుడూ తిరిగి చూడండి

నెలకోసారి బరువు తూచి పుస్తకంలో రాయండి. కంపెనీలు చెప్పకుండా పదార్థాలు మార్చవచ్చు కాబట్టి కొత్త సంచి కొన్న ప్రతిసారీ జాబితా మళ్లీ చదవండి. ఎప్పుడూ ఇంట్లోనే వండి పెట్టాలనుకుంటే జంతు పోషణ తెలిసిన పశువైద్యుడి చేత కొలతలు రాయించుకోండి. చికెన్, కూరగాయలు ఉడికించి పెట్టినంత మాత్రాన కాల్షియం, జింక్, అయోడిన్, విటమిన్ డి సరిపోవు. లోటు నెలల తర్వాత ఎముకల్లో, చర్మంలో బయటపడుతుంది.

దురద తిరిగి మొదలైతే వెంటనే సంచి మార్చకండి. పిడుదుల మందు గడువు దాటిందా, ఇంట్లో ఎవరైనా ఏదైనా పెట్టారా, చెవిలో ఇన్ఫెక్షన్ ఉందా చూడండి. తరచూ తిండి మార్చేకొద్దీ కుక్క తినని మాంసాలు తగ్గిపోతాయి, రేపు మళ్లీ పరీక్ష చేయాల్సి వస్తే కొత్త మాంసమంటూ మిగలదు.

చివరి మాట

ధాన్యం లేని ఆహారం కొన్ని కుక్కలకు మందుతో సమానం. ఎక్కువ కుక్కలకు అది అక్కర్లేదు, కొన్నిటికి ప్రమాదం కూడా కావచ్చు. మీ కుక్క ఏ కోవలోదో సంచి మీది బొమ్మ చెప్పదు, దుకాణదారూ చెప్పలేడు. దాన్ని తేల్చేది ఎనిమిది వారాల ఓపిక, ఇంటిల్లిపాదీ మాట మీద నిలబడటం, ఒక పశువైద్యుడి సాయం. ఈ వారమే నోటు పుస్తకం మొదలుపెట్టండి, డాక్టరు దగ్గరకు దాన్ని వెంట తీసుకెళ్లండి. కొత్త సంచి కొనడం ఆ తర్వాతి సంగతి.